మెహతాబ్ భాయ్ పేరు మీద

నాకు నోరెక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది, ఎందుకంటే మెహతాబ్‌కు జరిగినదాంట్లో నా నోటికీ వాటా ఉంది.

నా పేరు సుశీలమ్మ. మార్కాపురంలో కంభం రోడ్డు మీద చిన్న గదిలో బండ్ల ఇన్సూరెన్సులు, ఆర్టీఓ కాగితాల పనులు చేస్తాను. బోర్డు మీద ఇప్పటికీ మా ఆయన పేరే ఉంది గానీ, ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. డ్రైవర్లంతా నేనంటే హడలిపోతారు. ఒక్క జిరాక్సు తక్కువ తెచ్చినా నలుగురిలో నిలబెట్టి కడిగేస్తానని వాళ్ల బాధ. మెహతాబ్ ఒక్కడే భయపడేవాడు కాదు. నేను తిట్టినంతసేపూ బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. తిట్లయిపోయాక "అయిందా సుశీలమ్మా, ఇంక కాగితాలు చూస్తావా?" అనేవాడు. అట్లాంటి మనిషి మీద కోపం ఎంతసేపు నిలబడుతుంది!

చిన్నప్పుడు వాళ్ల నాయనతో పాటు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడట. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే భయపడి మానేసి, డ్రైవింగు నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల బండ్లు తోలి, తర్వాత ఒక పాత బండి కొని నడిపి, చివరికి ఏడు సీట్ల తెల్ల కారు ఒకటి కొత్తది కొనుక్కున్నాడు. దాని మీద అప్పు అరవై నెలలు. అరవై నెలల్లో ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

వారానికి మూడు రోజులు ఆ కారుకు ఒకటే పని. తెల్లవారకముందే బయలుదేరి పుల్లలచెరువు పోయేవాడు. అక్కడ కిడ్నీలు చెడిపోయిన నలుగురిని ఎక్కించుకుని, వై.పాలెం, త్రిపురాంతకం మీదుగా మార్కాపురంలో డయాలసిస్‌కు తెచ్చేవాడు. అది అయ్యేదాకా నాలుగైదు గంటలు ఆసుపత్రి బయటే ఉండి, మళ్లీ ఎవరి ఇంటి ముందు వాళ్లను దింపేవాడు. గంటకు నలభై దాటించేవాడు కాదు. "గుంతలో పడితే సూదులు గుచ్చిన చెయ్యి అదురుతాది సుశీలమ్మా, వాళ్లు అరవరు గానీ అద్దంలో మొగం కనపడతాది గదా" అనేవాడు. ఆ నలుగురిలో రోశమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఇంట్లో పట్టని నిద్ర తనకు మెహతాబ్ కార్లో పడుతుందని అందరికీ చెప్పేది.

మా ఆయన ఉన్నప్పటినుంచీ మేం ఇన్సూరెన్స్ కట్టించిన పదకొండేళ్లలో, పాత బండికీ కొత్త బండికీ కలిపి, ఆయన నా దగ్గరికి ఒక్కసారి కూడా క్లెయిము కోసం రాలేదు. బంపరుకు గీత కూడా పడనిచ్చేవాడు కాదు.

ఇక ఆయనకున్న దురలవాటు చెబుతాను. తాగుడు కాదు, పేకాట కాదు. పేరు ఇవ్వడం.

మా వైపు సంగతి మీకు తెలియకపోతే చెబుతాను. అర్ధవీడు నుంచో, పుల్లలచెరువు నుంచో వచ్చినవాడు మార్కాపురంలో కిస్తీల మీద ఫోను కొనాలంటే షాపువాళ్లు ముందు అడ్రసు అడుగుతారు. వాడేమో ఆర్నెల్లు ఊళ్లో, ఆర్నెల్లు హైదరాబాదులో మట్టిపనికి. బ్యాంకు ఖాతా ఉంటే పాన్ కార్డు ఉండదు, పాన్ కార్డు ఉంటే ఖాతాలో పైసా ఉండదు. మెహతాబ్‌కు టౌనులో సొంత ఇల్లుంది, పాన్ కార్డుంది, పైగా కారు కిస్తీ నెల తప్పకుండా కట్టే పేరుంది. ఇంకేముంది! "భాయ్, ఒక్కసారి షాపుదాకా వస్తావా" అంటే చాలు, చేతిలో పనొదిలేసి పోయేవాడు. ఫోటోకు నవ్వుతూ నిలబడేవాడు, ఫోనుకొచ్చిన నంబరు చదివి చెప్పేవాడు. సామాను వాళ్లది, అప్పు ఈయన పేరు మీద. చిన్న అప్పులకు షాపువాళ్లు పెద్దగా వెతకరు, అట్లా ఐదారేళ్లలో పద్నాలుగు అప్పులు. ఫోన్లు, రెండు బైకులు, ఒక ఫ్రిజ్జు, ఒక మిషను కుట్టుకునే ఆమెకు కుట్టుమిషను.

మెహతాబ్ భార్య కమ్రున్నీసా ఎంత మొత్తుకుందో నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చి "నువ్వన్నా చెప్పమ్మా, నీ మాటైతే వింటాడు" అంది. నేను చెప్పాను. "ఒక్కడు ఎగ్గొడితే నీ ఇల్లు పోతుంది భాయ్" అన్నాను. దానికాయన, "ఎవురూ ఎగ్గొట్టరు సుశీలమ్మా, మనోళ్లు గదా" అన్నాడు.

ఆయనన్నదే నిజమైంది, అదే విచిత్రం. పద్నాలుగు మందిలో ఒక్కడు కూడా ఎగ్గొట్టలేదు. ఆఖరి రూపాయిదాకా కట్టారు. కాకపోతే వాళ్ల చేతికి డబ్బు వచ్చినప్పుడు కట్టారు. గొర్రెలకాపరికి గొర్రెపిల్లలమ్మినప్పుడు డబ్బు. మిరప రైతుకు గుంటూరులో కాయలమ్మితే డబ్బు. వలస పోయినవాడికి మేస్త్రీ పండక్కి లెక్క తేలిస్తే డబ్బు. మూడు నెలలకోసారి వచ్చి మూడు కిస్తీలు, ఆలస్యానికి వేసిన ఫైనుతో సహా కట్టి, మెహతాబ్‌కు దండం పెట్టి పోయేవాళ్లు. మధ్యలో ప్రతి నెలా ఐదో తేదీన, కారు కిస్తీ పోయాక ఆయన ఖాతాలో డబ్బు లేక వాళ్ల కిస్తీ వెనక్కి పోయేది, ఫోనుకు మెసేజి వచ్చేది, ఆయన దాన్ని చెరిపేసేవాడు. డబ్బు ఎట్లాగూ వస్తుంది కదా అని ఆయన ధైర్యం. అటు వాళ్లు, ఇటు ఈయన, ఎవరి మనసులోనూ తప్పు లేదు.

పోయిన ఆగస్టులో కారు ఇన్సూరెన్స్ అయిపోవచ్చింది. ఎప్పటిలాగే కంప్యూటర్లో వివరాలు కొట్టాను. అంతకుముందు ఏడాది ఇరవై ఆరు వేలు. ఈసారి ముప్పై ఎనిమిది చూపించింది. నేనే ఏదో తప్పు కొట్టాననుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

"ఏంది సుశీలమ్మా, ముప్పై ఎనిమిదా! కారు ఏడాది పాతదైతే రేటు తగ్గాల గదా?"

కంపెనీకి ఫోను చేసి అడిగితే విషయం తెలిసింది. ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ, అది ప్రభుత్వం పెట్టిన రేటు, అందరికీ ఒకటే. మన బండికి జరిగే నష్టానికి కట్టేది రెండోది, దాని రేటు కంపెనీ ఇష్టం. నేను చేసే కంపెనీ ఆ ఏడాది నుంచి ఈ రెండో భాగానికి పాన్ నంబరు పెట్టి మనిషి సిబిల్ స్కోరు చూడ్డం మొదలుపెట్టిందట. అప్పులు టైముకు కట్టేవాడికి రేటు తగ్గిస్తారు, ఆలస్యం చేసేవాడికి పెంచుతారు. కిస్తీ దగ్గర అజాగ్రత్తగా ఉండేవాడు స్టీరింగు దగ్గర కూడా అజాగ్రత్తగా ఉంటాడని వాళ్ల అంచనా!

మెహతాబ్‌కు చెబితే నమ్మలేదు.

"నేను బండి ఎట్ల తోలుతానో చూసి గదా రేటు పెట్టాల? నా అప్పులు చూడ్డానికి వాళ్లేమన్నా నాకు పిల్లనిస్తున్నారా?"

ఆయన సిబిల్ కాగితాలు తీయించి ముందు పెట్టాను. ఒక్కొక్క అప్పూ చదువుతుంటే ఆయన గుర్తుపట్టి, "అది కాటమరాజు బండి... అది కుట్టుమిషను... అది మా త్రిపురాంతకం పిల్లోడి ఫోను" అని మురిసిపోతున్నాడు. ప్రతి దాని పక్కనా ఆలస్యం ఎన్ని రోజులో రాసి ఉంది. ముప్పై, అరవై, తొంభై. కారు అప్పు ఒక్కటే శుభ్రంగా ఉంది, మిగతా పద్నాలుగింటి కింద అది ఎక్కడో నలిగిపోయింది. నాకు తిక్క రేగింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఊరందరికీ పేరు పంచిపెడితే నీకేం మిగులుతుందయ్యా అన్నాను. ఆయన మొదటిసారి టీ పక్కన పెట్టేశాడు.

"ఒక్కడు ఎగ్గొట్టినాడా సుశీలమ్మా? ఒక్కడి పేరు చెప్పు."

"ఎగ్గొట్టలేదు భాయ్. ఆలస్యంగా కట్టినారు."

"ఆలస్యమైనా కట్టినారు గదా!"

మరుసటి రోజు పదకొండు గంటలకు నా గది ముందు తెల్ల కారు ఆగింది. మెహతాబ్ దిగాడు, ఆయన వెనక నలుగురు. ముందు నిలబడ్డవాడు కాటమరాజు, అర్ధవీడు దగ్గర గొర్రెలు మేపుకునేవాడు, మెహతాబ్ పేరు మీద బైకు తీసుకున్నవాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా రసీదులు.

"అమ్మా, భాయ్ మా గురించి మాట పడినాడంట గదా. ఇయ్యి చూడు. ప్రతి రూపాయీ కట్టినా. ఫైను గూడా కట్టినా. గొర్రెపిల్లలు అమ్మినప్పుడే గదమ్మా మాకు డబ్బులు? ఆ కంప్యూటర్లో రాయి, ఆలస్యం చేసింది కాటమరాజు, భాయ్ కాదు అని. కావాలంటే ఏలిముద్ర ఏస్తా."

మిగతా ముగ్గురూ తలూపారు. కుట్టుమిషను ఆమె కొంగు చివర ముడిలో తన ఆధార్ కార్డు కూడా తెచ్చుకుంది, చూపించడానికి.

నేను నవ్వాను. నవ్వడమే కాదు, "ఇదేమన్నా కోర్టా, సాక్షులను తోలుకొచ్చినావు? కంప్యూటరుకు చెవులుంటాయా?" అన్నాను. గదిలో పనుల కోసం వచ్చినవాళ్లు కూడా నవ్వారు. కాటమరాజు ఆ రసీదులన్నీ వరస చెడకుండా మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. మా ప్రాంతంలో మనిషి మంచివాడని తేల్చడానికి ఉన్న పద్ధతి అదొక్కటే, నలుగురు వచ్చి చెప్పడం. వాళ్లకు తెలిసిన పద్ధతిలో వాళ్లు వచ్చారు. నేను ఎగతాళి చేశాను.

వాళ్లు పోయాక మెహతాబ్‌తో అన్నాను: "ముప్పై ఎనిమిది కట్టొద్దులే భాయ్. థర్డ్ పార్టీ ఒకటే కట్టుకో, పదహారుతో అయిపోతుంది. పదకొండేళ్లలో నీ బండికి గీత పడలేదు. ఇప్పుడేం పడుతుంది?"

"మన కారుకు ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు. నువ్వు తోలే తోలుడుకు ఏమవుతుంది?"

"నువ్వు చెప్తే అంతే సుశీలమ్మా" అని సంతకం పెట్టాడు.

నేను ఆయనకు చెప్పని మాట ఒకటుంది. ఒంగోలులో ఇంకో కంపెనీ ఆఫీసు ఉంది. వాళ్లు సిబిల్ గిబిల్ చూడరు. మెహతాబ్ కారుకు అక్కడ ఇరవై ఏడు వేలలో మొత్తం ఇన్సూరెన్స్ వచ్చేది. నాకు తెలుసు, అంతకుముందు ఒకరిద్దరికి చేయించాను. కాకపోతే వాళ్లు కిరాయి బండ్లకు ఇక్కడినుంచి ఆన్‌లైన్లో చేయరు, ఏజెంటే కాగితాలు పట్టుకుని ఆఫీసుకు పోవాలి. బస్సులో పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. నడుము నొప్పి. పైగా వాళ్లిచ్చే కమిషను టీ ఖర్చుకు కూడా రాదు. ఒంగోలు మాట ఎత్తితే మెహతాబ్ అడుగుతాడు. అడిగితే నేను పోవాలి. అందుకని ఎత్తలేదు. అంతే. పెద్ద కారణం ఏమీ లేదు. బద్ధకం.

మిగిలిన డబ్బుతో ఆయన కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించాడు. సుశీలమ్మ నాకు ఇరవై రెండు వేలు మిగిల్చిందని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడట.

అక్టోబరులో తుఫాను వచ్చింది. రెండు రోజులు పట్టిన ముసురు. డయాలసిస్‌కు ముసురని సెలవు ఉండదు కాబట్టి ఆయన పోయాడు, తెచ్చాడు, మధ్యాహ్నం వాళ్లను తిరిగి తీసుకుపోతున్నాడు. వై.పాలెం దాటాక ఒక వాగు మీద చప్టా ఉంది. నీళ్లు చీలమండ లోతున పారుతున్నాయట. ముందు పోతున్న లారీ దాటిపోయింది. ఈయన కాసేపు ఆగి చూసి, వెనక పడుకున్న రోశమ్మకు ఆయాసం మొదలైందని మెల్లగా కారును నీళ్లలోకి దించాడు. మధ్యలోకి పోయేసరికి పైనుంచి నీళ్లు ఒక్కసారి ఎగదన్నాయి. ఇంజను ఆగిపోయింది.

ఒడ్డునున్న వాళ్లు తాడు విసిరారు. ఈయన దాన్ని నడుముకు కట్టుకుని ఒక్కొక్కరినీ భుజాన వేసుకుని దాటించాడు. నాలుగుసార్లు పోయాడు, నాలుగుసార్లు వచ్చాడు. రోశమ్మను మొదట తెచ్చాడు, సూదులు గుచ్చిన చెయ్యి తడవకుండా పైకి ఎత్తి పట్టుకోమని చెబుతూ. ఆఖరి మనిషిని ఒడ్డున కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి కారు కదులుతోంది. పక్కకు జరిగి, చప్టా అంచు దాటి, ఒరిగి, నీళ్లలోకి పోయింది. రెండు రోజుల తర్వాత కిందెక్కడో కంపల్లో దొరికింది. లోపలంతా బురద. మెకానిక్ చూసి తల అడ్డంగా ఊపాడు.

ఫోటోలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నేను తిట్టలేదు. టీ తెప్పించినా ఆయన తాగలేదు.

"థర్డ్ పార్టీ అంటే మన కారుకు ఏమీ రాదు గదా సుశీలమ్మా?"

ఆయనకు తెలుసు. ఎక్కడన్నా చిన్న సందు ఉంటుందేమోనని అడిగాడు.

"రాదు భాయ్."

"ఊఁ" అని ఫోటోలు జేబులో పెట్టుకున్నాడు.

ఇంకో బండి తీసుకుందామని ఫైనాన్సు వాళ్ల చుట్టూ తిరిగాడు. ఆ పద్నాలుగు అప్పుల కాగితం చూసి ఎవరూ ఇవ్వలేదు. ఈ సంగతి అర్ధవీడుదాకా పోయింది. కాటమరాజు మళ్లీ వచ్చాడు, ఈసారి ఏడుగురిని వెంటబెట్టుకుని.

"అమ్మా, ఈసారి మా పేరు మీద తియ్యి. భాయ్‌కి కారు మేం ఇప్పిస్తాం. కిస్తీలు మేమే తలా ఇంత ఏసుకుంటాం. నెల నెలా కడతాం, ఆలస్యం చెయ్యం."

నేను నవ్వలేదు. ఒక్కొక్కరి కార్డు తీసుకుని కొట్టాను. ముగ్గురికి పాన్ కార్డే లేదు. మిగతావాళ్లకు కొడితే ఏమీ రాలేదు. మంచీ లేదు, చెడూ లేదు, ఖాళీ. వీళ్లు పుట్టి బుద్ధెరిగి ఒక్క అప్పు కూడా తీసుకున్నవాళ్లు కాదు, వీళ్లను నమ్మడానికి ఆధారం లేదు అని వచ్చింది.

"తీసుకున్నా గదమ్మా! కట్టినా గదా! రసీదులు చూసినావు గదా!" అన్నాడు కాటమరాజు.

"అవన్నీ భాయ్ పేరు మీద ఉండాయి రాజన్నా."

వాళ్లు చాలాసేపు పోలేదు. బెంచీ మీద ఇద్దరు, కింద మిగతావాళ్లు కూర్చున్నారు.

ఇప్పుడు మెహతాబ్ గిద్దలూరులో ఎవరిదో స్కూలు వ్యాను తోలుతున్నాడు, జీతానికి. ఆదివారాలు ఇంటికి వస్తాడు. పుల్లలచెరువు వాళ్లు రెండు బస్సులు మారి వస్తున్నారు. రోశమ్మ వారానికి మూడుసార్లు రావాల్సింది, ఓపిక లేక రెండుసార్లే వస్తోంది. ఒళ్లంతా నీరు పట్టింది. ఆమెను ఆసుపత్రి మెట్ల మీద చూసినప్పుడల్లా నేను తల తిప్పుకుని పోతాను.

మొన్న రంజాన్ పండక్కి మెహతాబ్ నా గదికి వచ్చాడు. కమ్రున్నీసా చేసిన సేమ్యా పాయసం స్టీలు డబ్బాలో తెచ్చాడు. గదిలో ఇంకెవరో కొత్త డ్రైవరు ఉంటే వాడితో, "సుశీలమ్మ మాట ఇను నాయనా, మన మంచి కోరి చెప్తాది. నాకు ఇరవై రెండు వేలు మిగిల్చింది. తర్వాత జరిగింది నా నసీబు, ఆమెదేముంది?" అన్నాడు.

పాయసం డబ్బా మూత తీసి అట్లాగే పక్కన పెట్టేశాను. ఆ డ్రైవరును రేపు రమ్మని పంపేశాను. తలుపు దగ్గరగా వేసి మెహతాబ్‌కు అంతా చెప్పేశాను. ఒంగోలు కంపెనీ, ఇరవై ఏడు వేలు, నా నడుము, నా కమిషను, ఏదీ దాచలేదు. ఏడ్చాను కూడా. ఈ గదిలో మా ఆయన పోయిన తర్వాత నేను ఏడవడం అదే మొదటిసారి.

ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. నేను ఎంతమందిని తిట్టాను, నన్నొకరు తిట్టకూడదా? ఆయన లేచి, ఖాళీ చేయని డబ్బా మీద మూత పెట్టి నా వైపు జరిపాడు.

"ఒంగోలుకు బస్సులో ఎందుకు సుశీలమ్మా?" అన్నాడు. "ఒక్క మాట చెప్పి ఉంటే నేనే కార్లో తీసుకపోయేటోణ్ణి గదా."